జేబులో రిమోటు

టీవీ మళ్ళీ ఆగిపోయింది.

మునియమ్మ రెండు చేతులూ నేల మీద ఊని లేచింది. మోకాళ్ళ నొప్పుల మనిషి. గోడ పట్టుకుని టీవీ దాకా నడిచి బటన్ నొక్కింది. బొమ్మ వచ్చింది. తిరిగొచ్చి చాప మీద కూలబడిందో లేదో, తెర మళ్ళీ నల్లబడింది.

“రిమోటు ఆడ టీవీ మీదనే ఉండాది. నేనేం ముట్టల్యా నాయనా” అంది ముసలామె, అందరి వైపూ బెదురుగా చూస్తూ.

పెనుకొండలో నల్లప్ప ఇల్లు అది. 2005లో ఒక ఆదివారం. నల్లప్ప కూతురు పవిత్రకు పెళ్ళిచూపులు. పెళ్ళికొడుకు రఘునాథ్‌ది హిందూపురం. బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం. టీవీకి దగ్గరగా వేసిన కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. చేతిలో కొత్త సెల్‌ఫోన్ మెరుస్తోంది.

పవిత్ర పక్కనే నీలావతి కూర్చుని ఉంది. అందరూ టీవీని చూస్తున్నారు. ఆమె మాత్రం రఘునాథ్ బొటనవేలిని చూస్తోంది. అది ఫోన్ మీద కదిలినప్పుడల్లా టీవీలో ఏదో ఒకటి జరుగుతోంది.

ఈసారి టీవీ దానంతటదే వెలిగింది. భజన పాటలు పోయి, అరకొర బట్టల్లో ఆడవాళ్ళు నడిచే చానల్ వచ్చింది. ఇంతమంది మగవాళ్ళ ముందు ఇదేం ఖర్మ అనుకుందో ఏమో, మునియమ్మ గబగబా లేచి తెరకు అడ్డంగా నిలబడబోయింది. కాలు తడబడి తూలింది. పవిత్ర చటుక్కున వెళ్ళి అవ్వను పట్టుకుంది.

రఘునాథ్ ఇక ఆపుకోలేక పకపకా నవ్వాడు.

“బయపడద్దు అవ్వా! దయ్యం యాడా లేదు. అంతా ఈడుండాది” అని ఫోన్ పైకెత్తాడు. దాని నెత్తిన చిన్న నల్లటి అద్దం. “దీంట్లోంచి కంటికి కనపడని వెలుగొకటి పోతాది. రిమోట్లో ఉండేదీ అదే. యా ఇంట్లో టీవీ అయినా నా మాట వినాల్సిందే.”

“ఏం తెలివబ్బా!” అని నల్లప్ప కూడా నవ్వాడు.

మునియమ్మ తానూ నవ్వాలని చూసింది. పెదాలు కదిలాయి గానీ కళ్ళలో నీళ్ళు నిలిచాయి. “నేనే చెడగొట్టినానేమో అనుకుంటి నాయనా” అంది.

నవ్వులు విని రఘునాథ్‌కు హుషారు పుట్టింది.

“ఇదేముండాది! ధర్మవరం బస్టాండు కాడ హోటల్లో చేసింది వినండి. క్రికెట్ మ్యాచి, ఆఖరి ఓవరు. హోటల్ నిండా జనం. టీవీ ముందర బల్ల కాడ నేను. సరిగ్గా బంతి వేసేటప్పుడు ఆపేస్తి. జనం ఓనరు మీద పడిరి. ఓనరు పోయి ముసలి సర్వరు దేవప్ప మీద పడె. అప్పుడే ఆడ బల్ల తుడిచినాడంట పాపం. వైరు లాగింది నువ్వేనని చెంప పగలగొట్టి, ఇంగ పనిలోకి రావద్దు పో అన్నాడు. ముసలోడు దేవుని తోడు నేను కాదు సామీ అని ఒకటే ఏడుపు. నేనేమో ఫోన్ జేబులో పెట్టుకుని టీ తాగతాండా!”

చెబుతూ చెబుతూ అతను కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వీ నవ్వీ వచ్చిన నీళ్ళు.

నీలావతికి నోట్లో ఉన్న మైసూరుపాకు మింగుడు పడలేదు. కొంగు అడ్డం పెట్టుకుని అందులోకే ఉమ్మేసింది. ఆ నవ్వు చెవికి జిగటగా అంటుకుంది. అతని సెంటు వాసన, ఊగుతున్న కాలు, ఫోన్ మీద ఆడుతున్న ఆ బొటనవేలు, అన్నీ రోతగా కనిపించాయి. వీణ్ని ఎవరు ఇట్లా పెంచారు అని లోపల ఏదో అడిగింది. ఆమె జవాబు వెతకలేదు.

పవిత్ర అప్పుడు మొదటిసారి నోరు విప్పింది.

“ఆయప్పకు మళ్ళా యాడన్నా పని దొరికిందా?”

“ఎవురికి తెలుసు? ఆ జనం మొగాలు చూడాల నువ్వు!” అంటూ రఘునాథ్ ఫోన్ మళ్ళీ టీవీ వైపు ఎత్తాడు.

మునియమ్మ ఉలిక్కిపడి మనవరాలి భుజం పట్టుకుంది.

నల్లప్ప అదేమీ గమనించలేదు. “అయితే ముహూర్తం మాట అనుకుందామా?” అన్నాడు సంబరంగా.

నీలావతి లేచి నిలబడింది.

“ముహూర్తం వద్దు. ఈ సంబంధమే వద్దు.”

నల్లప్ప కంగారుగా లేచాడు.

“ముసలామెను ఏడిపించి నవ్వేటోడు, ఒకని నోటికాడి కూడు పడగొట్టి టీ తాగేటోడు, రేపు ఈ పిల్లను ఏం చేస్తాడో నాకు తెలుసు. చూస్తా చూస్తా దీని గొంతు కోయలేను” అని ఆమె పవిత్ర తల నిమిరింది.

“అమ్మా, కన్నకొడుకు పెళ్ళి నువ్వే చెడగొడతాండావేమే!” అని అరిచాడు రఘునాథ్.