చైర్మన్ గారి క్షవరం

బీమా కంపెనీ చైర్మన్ తన మోసానికి సోమవారం పొద్దున ముహూర్తం పెట్టుకున్నాడు. వేదిక, బార్బర్ కుర్చీ.

అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నట్టుంది ఆయన సంగతి. బజారులో నూట ఇరవై పలికే షేరుకు రెండు వందలిచ్చి సంస్థ మొత్తాన్నీ కొనేస్తానని ఒక పెద్ద కంపెనీ ముందుకొచ్చింది. సరేనంటే తన కుర్చీ పోతుంది. కాదంటే షేరు పడిపోతుంది. ఆయన జీవితకాలపు సంపాదనంతా ఆ షేర్లలోనే ఉంది. బోర్డులో ఉన్నవాడు ఇలాంటప్పుడు అమ్మితే జైలే కాబట్టి, ఏనాడో వాటిని బావమరిది పేర పెట్టి ఉంచాడు.

గురువారం బోర్డు చేత బేరం కాదనిపించాలి. ఈలోపు అవుననబోతోందని పుకారు పుట్టించి, ధర పెరగగానే తన షేర్లు అమ్మించెయ్యాలి. అదీ పథకం.

పుకారుకు బార్బర్‌ను మించినవాడెవడు? ఆ వీధిలో మందుల షాపాయన నుంచి దర్జీ దాకా అందరికీ ఈ కంపెనీ షేర్లున్నాయి. అందరూ గడ్డం గీయించుకునేది ఆ కుర్చీలోనే.

"ఏమండీ, కంపెనీని అమ్మేస్తున్నారటగా?" అన్నాడు బార్బర్, కుడివైపు నుంచి వంగి.

చైర్మన్ జేబులో ఫోన్ కదిలినట్టు ఉలిక్కిపడి బయటికి తీశాడు. కుడి చెంప నిండా నురగ ఉండటంతో ఎడమ చెవికి ఆనించుకున్నాడు.

"ఆఁ, చెప్పండి... అవును, రెండు వందలకే ఖాయం. గురువారం సంతకాలు. ఇదిగో, మూడో కంటికి తెలియకూడదు సుమా!"

అవతలివాళ్ళు ఏదో చెబుతున్నట్టు మధ్యమధ్య తల కూడా ఊపాడు. బీమాలో చేరి పొరపాటు చేశాను, నాటకాల్లో చేరాల్సింది అని లోలోపల మురిసిపోయాడు. బార్బర్ మాత్రం ఏమీ విననట్టే తన పని తాను చేసుకుపోయాడు. దొంగ వెధవ, చెవులు రిక్కించి వినే ఉంటాడనుకున్నాడు చైర్మన్.

బయటికి రాగానే బావమరిదికి నిజం ఫోనే చేశాడు.

"నూట ఎనభై తగలగానే మొత్తం అమ్మెయ్యి."

"ఇప్పుడెందుకు బావా? బేరం నడుస్తోందిగా!"

"నీకెందుకురా అదంతా? చెప్పింది చెయ్యి."

బావమరిది నోట్లో నువ్వుగింజ నానదు. వాడికి అసలు సంగతి చెప్పడమంటే వీధిలో దండోరా వేయించుకోవడమే.

మంగళవారం షేరు నూట నలభై అయింది. బుధవారం సాయంత్రానికి నూట ఎనభై ఐదు. ఆ రాత్రి బావమరిది నుంచి మెసేజ్ వచ్చింది. "అంతా నేను చూసుకున్నా బావా. ఆదివారం భోజనానికొచ్చి చెప్తా. నువ్వు ఎగిరి గంతెయ్యాలి!"

చైర్మన్ హాయిగా నిద్రపోయాడు. గురువారం బోర్డు బేరాన్ని తిరగ్గొట్టింది. సాయంత్రానికి షేరు తొంభైకి పడింది.

శుక్రవారం వాటాదారులు ఆఫీసు హాలులోకి విరుచుకుపడ్డారు.

"రెండు వందలిస్తామంటే కాదనడానికి నువ్వెవడివయ్యా?" అని ముందు వరుసలోని రిటైర్డ్ టీచర్ ఒకావిడ చేతిలో కాగితాలు ఆయన మొహాన కొట్టినంత పని చేసింది. హాలులో ఎడమవైపు కూర్చుని అరిచినవాళ్ళనైతే చైర్మన్ పట్టించుకోనేలేదు.

"ఇది సంస్థ కాదమ్మా, కుటుంబం. కుటుంబాన్ని ఎవరైనా అమ్ముకుంటారా?" అంటూ రుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. వెనక ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. బార్బర్ వీధివాళ్ళు మాత్రం ఒక్కరూ రాలేదు. ఎక్కువ ధర పెట్టి కొనుక్కుని మంచం పట్టి ఉంటారు, పాపం అనుకున్నాడు.

శనివారం గడ్డానికి వెళ్తే, బార్బర్ ఈల వేస్తున్నాడు. షాపులో కొత్త తోలు కుర్చీ మెరిసిపోతోంది.

"ఇదెక్కడిదోయ్?"

"తమరి చలవేనండీ. సోమవారం తమరు ఫోన్ మాట్లాడి వెళ్ళాక, మా వీధివాళ్ళందరికీ చెప్పాను. ధర పెరగడం మొదలవగానే అందరం షేర్లు అమ్మేశాం."

"అమ్మేశారా? కొనాలి కదా!" నోరు జారాడు చైర్మన్.

బార్బర్ కత్తి తుడుచుకుంటూ కుడివైపుకు వచ్చాడు. "తమరికి ఎడమ చెవి వినపడదు కదండీ. ఇరవై ఏళ్ళ నుంచి చూస్తున్నా, అటు కత్తెర ఆడించినా రెప్ప కదలదు. ఆ చెవికి ఫోన్ పెట్టుకుని మాట్లాడుతుంటే అవతల ఎవరూ లేరని తెలిసిపోయింది. బేరం నిజంగా కుదిరేదుంటే, నాకు వినిపించడానికి తమరికి ఇంత కష్టం దేనికి?"

చైర్మన్ చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ చెవి మీదికి పోయింది. చెవి సంగతి ఆయన కట్టుకున్న భార్యకే చెప్పలేదు. ఆవిడ దాన్ని ఇన్నేళ్ళుగా నిర్లక్ష్యం అనుకుని సర్దుకుపోతోంది.

అయినా కాసేపటికి తేరుకున్నాడు. వీళ్ళు బాగుపడితే తనకేం నష్టం? తన షేర్లు అమ్ముడుపోయాయి, తన కుర్చీ తనకుంది. నవ్వొచ్చింది కూడా.

"ఘటికుడివోయ్! ఇంతకీ అంత ధర పెట్టి మీ షేర్లన్నీ కొన్న ఆ వెర్రి వెంగళప్ప ఎవడు?"

బార్బర్ ఆయన గడ్డం పైకెత్తి, కత్తి గొంతుకు ఆనించాడు.

"కదలకండి. మీ బావమరిది గారేనండీ. సోమవారం సాయంత్రం ఇక్కడికొచ్చి, మా బావ ఏమైనా అన్నాడా అని అడిగితే, ఫోన్‌లో తమరన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. చెవి సంగతి ఆయన అడగలేదు మరి. తన దగ్గరున్న షేర్లన్నీ తాకట్టు పెట్టి మరీ కొన్నారు. 'పిచ్చి బావ, అమ్మెయ్యమంటున్నాడు, నేను లేకపోతే ఏమైపోయేవాడో' అని తమరి మీద ఎంత జాలిపడ్డారనీ!"