చిలక తాగే నీళ్లు

“గీత లేచిందా?”

ప్రయోగశాల గుమ్మంలోనే నిలబడి అడిగాడు అన్నయ్య. లారీ రేడియేటర్లు బాగుచేసే షెడ్డులో పని మధ్యలో వదిలేసి, ఇంటికెళ్లి కుళాయి నీళ్లు బాటిల్లో పట్టుకొచ్చి కాసేపటి క్రితం ఇచ్చింది అతనే.

చెల్లెలు ఫోను అతనివైపు తిప్పింది. తెర మీద ఎర్రగీత నిటారుగా లేచి ఉంది.

ఆ పరికరం ఆమె చేసిందే. గోరంత పట్టీ మీద గ్రాఫీన్ పరిచింది. ఒక్క పరమాణువంత మందం మాత్రమే ఉండే కార్బన్ పొర అది. నీళ్లలో సీసం ఏ కాస్త ఉన్నా వచ్చి ఆ పొరకు అంటుకుంటుంది, అందులో పారే కరెంటు మారుతుంది, గీత లేస్తుంది. ఏళ్ల తరబడి దాంతోనే కుస్తీ పట్టింది. తీరా మొదటిసారి అక్కరకొచ్చింది సొంత మేనకోడలి కోసం.

ఆ పిల్లను ఇంట్లో అందరూ చిలక అంటారు. నోరు మూయకుండా గలగలా మాట్లాడే పిల్ల, ఈమధ్య మాటలు మరిచిపోతోంది. “అత్తా” అనబోయి ఆగిపోతుంది. ఆ మాట ఎక్కడో పారేసుకున్నట్టు అయోమయంగా చూస్తుంది. డాక్టరు రక్తపరీక్ష చూసి, “ఒంట్లో సీసం చేరిందమ్మా. ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టి ఆపకపోతే మా మందులేం చెయ్యలేవు” అన్నాడు.

“వీధి పైపులు మరీ పాతవి అన్నయ్యా. అతుకులకు వేసిన టంకంలో సీసం ఉంటుంది. అదే నీళ్లలోకి దిగుతోంది” అంది చెల్లెలు.

“రోజూ ఆ టంకంతోనే రేడియేటర్లకు అతుకులేసేవాణ్ణి, నాకు తెలీదూ? ఎన్నాళ్లని నిలుస్తాయవి!”

ఇద్దరూ నీటి సరఫరా ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగారు.

“మావాళ్లు మీ ఇంటికొచ్చి నీళ్లు పట్టుకెళ్లారు కదమ్మా. పరీక్షలో ఏమీ లేదు” అన్నాడు ఇంజనీరు.

“మా పట్టీ చూపిస్తోంది కదండీ?”

“మీ పట్టీని ఇంకా ఎవరూ ఆమోదించలేదు. దాన్ని పట్టుకుని వీధంతా తవ్వమంటే ఎలా?”

బయటికి రాగానే అన్నయ్య పళ్లు కొరికాడు. “అబద్ధాలకోరు వెధవలు!”

క్యాన్ నీళ్లు తెప్పించడం మొదలుపెట్టారు. అన్నయ్య సాయంత్రాలు స్నేహితులతో కబుర్లు మానేశాడు. షెడ్డు నుంచి తిన్నగా ఇంటికొచ్చి, గడప దాటగానే చిలకను ఒళ్లో వేసుకునేవాడు. క్యాన్ నీళ్లు గుక్కగుక్కగా తాగించేవాడు, ముద్దలు కలిపి తానే తినిపించేవాడు. “వచ్చీ రాగానే ఎందుకండీ, నేను పెడతా కదా” అని వదిన అన్నా వినేవాడు కాదు.

ఆ తర్వాత చేసిన రక్తపరీక్షలో సీసం ఇంకా పెరిగింది.

అన్నయ్య ఆస్పత్రి మెట్ల మీద కూలబడ్డాడు. “ఏం చెయ్యమంటావే? నువ్వు చదువుకున్నదానివి. చెప్పు, ఏదైనా చేస్తా.”

చెల్లెలు ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంది. తాగే నీళ్లు మార్చాక కూడా ఎలా పెరుగుతుంది? స్నానం నీళ్లా? గిన్నెలు కడిగే నీళ్లా? తలుపులన్నీ మూసినా దొంగ రోజూ ఇంట్లోకి వచ్చిపోతూనే ఉన్నాడు. ఆమె అన్నయ్య పక్కన కూర్చుంది, అంతే.

చివరికి ఆమె పోరు పడలేక ఇంజనీరే ఇంటికొచ్చాడు. “మా మనుషుల మీద నమ్మకం లేదన్నారుగా. మీరే పట్టండి, మీ పట్టీతోనే చూడండి.”

ఆమె వంటింట్లోంచి గాజుగ్లాసు తెచ్చి కుళాయి కింద నింపింది. పట్టీ ముంచింది. గీత లేవలేదు. పట్టీ మార్చి చూసింది. ఊహూ. కదల్లేదు.

అప్పుడే, వదిన ఫోను చేసి చెప్పడంతో, అన్నయ్య షెడ్డు నుంచి పని బట్టల్లోనే పరుగెత్తుకొచ్చాడు. తెర చూడగానే అతని మొహం జేవురించింది.

“వచ్చేముందు నీళ్లు మార్పించి ఉంటాడు! ఇలా ఇవ్వు.”

గ్లాసు లాక్కుని నీళ్లు పారబోశాడు. బూడిదరంగు తేలిన వేళ్లతో దాని లోపలంతా రుద్ది, మళ్లీ నింపాడు. ఆమె కొత్త పట్టీ ముంచింది.

గీత నిటారుగా లేచింది.

“చూశారా! ఇప్పుడేమంటారు?” అన్నయ్య అరిచాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. ఆ అరుపు విని చిలక లోపల్నుంచి వచ్చి అతని కాళ్లకు చుట్టుకుంది. అతను పాపను ఎత్తుకుని, మూతికి అంటిన పాలను బొటనవేలితో తుడిచాడు.

చెల్లెలు గ్లాసు వంకే చూస్తోంది. అదే కుళాయి, అదే గ్లాసు. ఆమె చూపు అన్నయ్య బూడిదరంగు వేళ్ల మీదికి మళ్లింది.

“అన్నయ్యా, పాపను దించి చేతులు కడుక్కో.”