మాస్టారి తప్పులు

తరాజ్ ఊళ్లో కార్లిగాష్ తక్కువ పెట్టుబడితో అబాకస్ పూసల లెక్కల ఫ్రాంచైజీ తీసుకుని, ఇంటి ముందుగదిలోనే క్లాసు తెరిచింది. వారమైనా ఒక్క పిల్లాడూ చేరలేదు.

ఆ సాయంత్రం, తనకు బళ్లో లెక్కలు చెప్పిన తోలెగెన్ మాస్టారు వచ్చారు. ఈ పిల్లకు లెక్కలు రావని అప్పట్లో ఊరందరికీ చెప్పింది ఆయనే.

"నన్ను చేర్చుకోమ్మా."

"ఇది ఏడేళ్ల పిల్లలకండీ."

"ఆ ఏడు పక్కన ఒక సున్నా పెట్టుకో, సరిపోద్ది," అంటూ బుల్లి కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నారు.

ఆమె చాయ్ గిన్నె, పూసల చట్రం ముందు పెట్టి ఒక లెక్క అడిగింది. ఆయన తప్పు చెప్పారు. దిద్దింది. ఇంకోటి అడిగింది. అదీ తప్పే.

"ఒంట్లో బాగానే ఉందా మాస్టారూ?" అంది గొంతు తగ్గించి, కంగారుగా.

"గుసగుసలాడకమ్మా, గట్టిగా దిద్దు," అన్నారాయన. "గేటు దగ్గర ముగ్గురు తల్లులు వింటున్నారు."