పెద్దసారు పిలుపు

తండ్రి నోట్లో మైసూరుపాకు ముక్క పెడుతూ జయంతి గబగబా చెప్పింది. "నాయనా, ఫ్యాక్టరీలో నన్ను సామాజిక సేవ మేనేజరును చేసినారు. ఇంక ల్యాబులో పని లేదు. చుట్టుపక్కల ఊళ్లకు బడులు, మంచినీళ్లు చూసుకునే పని."

తిరుమలయ్య ముఖం వెలిగింది. "సంతోషం తల్లీ. మొదట ఏ ఊరు?"

"మనూరే. సోమవారం నీళ్ల ప్లాంటు తెరుస్తాము. రిబ్బను నువ్వే కత్తిరించల్లని మా ఫ్యాక్టరీ పెద్దసారే చెప్పినాడు."

తిరుమలయ్య నమలడం ఆపాడు. "సోమవారం నేను తిరుపతికి పోవల్ల కదమ్మా. మీ ఫ్యాక్టరీ నీళ్లతో మన బోర్లు చెడినాయని కలెక్టరు ముందర చెప్పేది ఆ పొద్దే. ఊర్లో సాక్ష్యం చెప్పేదానికి ఒప్పుకున్నోణ్ణి నేనొక్కణ్ణే."

ఇంటర్వ్యూలో పెద్దసారు పని గురించి ఒక్క మాటా అడగలేదని జయంతికి అప్పుడు తట్టింది. మీ నాన్నగారు బాగున్నారా అని మాత్రం మళ్లీ మళ్లీ అడిగాడు. అప్పట్లో అది ఆదరణ అనుకుంది.

"నువ్వు తిరుపతికే పో నాయనా."

"పోతే నిన్ను ఫ్యాక్టరీలో ఉండనిస్తారా?"

జయంతి మైసూరుపాకు పొట్లం మూసి పక్కన పెట్టింది.

తిరుమలయ్య కండువాతో మూతి తుడుచుకున్నాడు.

"రిబ్బను కాడికి ఎన్ని గంటలకు రావల్ల?" అని మెల్లగా అడిగాడు.