కోడలి ప్యాంటు

కొత్త ఎయిర్‌పోర్టుకు దగ్గర్లో, తుక్కుగూడ షెడ్డులో శోభకు పని. పొగ తాగే పైపులకుండే, నోట్లో పెట్టుకునే కాడలను మెరిసేలా పాలిష్ చేస్తుంది. ఆ రోజు గిర్రున తిరుగుతున్న పాలిష్ గుడ్డ చక్రానికి ఇనుప దువ్వెన ఆనించి, గట్టిపడ్డ పాత పాలిష్‌ను గీకేస్తుండగా అత్త కొండమ్మ ఊడిపడింది.

"మొగోని లెక్క ప్యాంటేస్తవా? వాడకట్టంత నవ్వుతున్నరు. నడువు ఇంటికి!"

శోభ ఇంటి నుంచి చీరలోనే బయల్దేరి, ఇక్కడికొచ్చాక సంచిలోని ప్యాంటు, చొక్కా వేసుకునేది. ఎవరో చూసి అత్తకు చెప్పారు.

"నేను రాను అత్తమ్మా. చీరతోటి ఈ చక్రం ముందట నిలవడరాదు."

"నాకే ఎదురు చెప్తవా?" అంటూ కొండమ్మ కోడలి చెయ్యి పట్టి గుంజింది. ఆ ఊపులో అత్త కొంగు చక్రానికి తగిలి చుట్టుకుపోయింది. మెడ బిగుసుకునేలోపే శోభ స్విచ్ కొట్టి చక్రాన్ని ఆపింది.

కొండమ్మ చిరిగిన కొంగు కప్పుకుని వెళ్లిపోతుంటే శోభ వెనక నుంచి అరిచింది.

"నువ్వేమన్న అను, రేపు గూడ పనికొస్త!"

తెల్లారి చూస్తే సంచిలో ప్యాంటు లేదు. అత్త తగలబెట్టిందనుకుని శోభ మండిపడుతూ బయటికొచ్చింది.

ప్యాంటు ఉతికి వీధి వైపు తీగ మీద ఆరేసి ఉంది. దాని కింద కొండమ్మ కూర్చుని ఉంది.

"ఎవరిది కొండమ్మా ఆ ప్యాంటు?" దారిన పోయే ఆమె కిసుక్కున నవ్వింది.

"నా కోడలిది. ఆరినంక ఏసుకొని నీ ముందట్నుంచే పోతది. జర ఆగి సూసిపో."