నాలుగు పరకలు

సలోమి మళ్లీ కారుకు అడ్డం నిలబడింది.

సుధీర్ బాబు బ్రేకు తొక్కాడు.

“ఏందమ్మా ఇది? వచ్చినప్పుడల్లా ఇదే పనా?”

“ఒక్క నిమిషం బాబూ. ఇంజను ఆపు.”

అప్పటికే ఆమె రోడ్డు మీద బోర్లా పడుకొని, చేతిలోని కొంకికర్రను కారు కిందికి పోనిచ్చి లాగుతోంది. గుప్పెడు మినప కట్టె బయటికి వచ్చింది.

శావల్యాపురం దాటాక వచ్చే ఆ మలుపులో మినుము కోతలప్పుడు ఇదే వరస. ఎండిన మొక్కల్ని రైతులు తారు రోడ్డు మీద పరుస్తారు. లారీలూ బస్సులూ తొక్కుకుంటూ పోతే కాయ పగిలి గింజ రాలుతుంది.

లారీలకు ఇబ్బంది లేదు. సుధీర్ బాబుది ఇటలీ కారు. నేలకు జానెడు ఎత్తు.

నరసరావుపేటలో పత్తి వ్యాపారం చేసే సుధీర్ బాబు చదువుకునే రోజుల నుంచీ కలలు కని, హైదరాబాదులో ఇద్దరు వాడి వదిలేసిన దాన్ని కొనుక్కున్నాడు. పేటలో ఆగితే ఫొటోలకు జనం మూగుతారు. స్పీడు బ్రేకరు వస్తే మాత్రం, నిద్రపోతున్న పసిబిడ్డను చంకనేసుకున్నట్టు, ఏటవాలుగా ఒక్కో చక్రమే దాటించాలి.

“ఇంత డబ్బు పోసి మిరపకాయల బస్తా పట్టని బండి కొన్నావేందిరా?” అంటుంది తల్లి వెంకాయమ్మ.

సలోమి లేచి, లాగిన పరకలను రోడ్డు పక్క కుప్ప మీద వేసింది.

“నాలుగు పరకల కోసం కారు ఆపుతావా? అవి కూడా వదలవా?”

ఆమె వంగి, కారు ముందు భాగం కింద అరచెయ్యి పెట్టి చూసింది.

“కాలతంది బాబూ. కాసేపుండి పో.”

సుధీర్ బాబుకు ఒళ్లు మండింది. గట్టు మీద నిలబడ్డ రైతు శివరామయ్యను పిలిచాడు.

“బాబాయ్, మీ కూలీ మనిషికి కాస్త చెప్పండి. ఆ కర్ర తగిలి కారుకు గీత పడితే ఊరుకోను.”

శివరామయ్య సలోమి వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు.

“సరేలే అబ్బాయ్. రేపటి నుంచి ఉండదు.”

మర్నాడు వినుకొండలో చెల్లెలిని చూడాలని బయలుదేరింది వెంకాయమ్మ. మోకాళ్ల నొప్పులకు భయపడి అంతవరకు కొడుకు కారు ఎక్కలేదు. పట్టుకొని కూర్చోబెడితే సీటులోకి దిగిపోయింది.

“బావిలోకి దిగినట్టుందిరా. మళ్లీ నన్నెవరు తోడతారు?”

“నేను తోడతాలే అమ్మా.”

మలుపులో కట్టె ఆ రోజు మరీ దట్టంగా ఉంది. కారు కింద గరగరమని చప్పుడైంది. అవతల బస్సు ఆగేచోట సలోమి చేతిసంచితో నిలబడి ఉంది. కారును చూడగానే సంచి కింద పడేసి రెండు చేతులూ ఎత్తింది.

“ఎవర్రా ఆమె? ఆగమంటంది.”

“ఆగితే అంతేనమ్మా. కిందికి దూరి పరకలు ఏరుకుంటది.”

సుధీర్ బాబు వేగం పెంచాడు.

వెంకాయమ్మ మెడ తిప్పి చూసింది. “వెనకాలే పరిగెత్తుకొస్తందిరా, పాపం.”

కొంత దూరం పోయాక ఆమె ముక్కు ఎగబీల్చింది.

“ఏదో మాడతంది.”

“పొలాల్లో తగలబెడుతున్నారులే.”

అంతలో అద్దం ముందు పొగ లేచింది.

సుధీర్ బాబు కారును పక్కకు తీసి ఆపి దూకాడు. కింద మంట. అటు తిరిగి పోయి తల్లి చేతులు పట్టుకొని లాగాడు. వెంకాయమ్మ కదల్లేదు. మోకాళ్లు మడతపడి సీటులోనే ఇరుక్కుపోయింది.

“నన్నొదిలెయ్ రా! నువ్వు పో!”

వెనక బస్సు ఆగింది. దిగినవాళ్లలో అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చింది సలోమి.

“చేతులు లాగితే రాదు బాబూ! ముందు కాళ్లు బయటపెట్టు!”

మోకాళ్ల మీద కూలబడి, వెంకాయమ్మ కాళ్లు రెండూ ఎత్తి బయటికి తిప్పింది. చంకల కింద భుజం పెట్టింది.

“ఇప్పుడు లేపు!”

ఇద్దరూ కలిసి ఆమెను తోడినట్టే పైకి తీశారు. చింత చెట్టు దాకా మోసుకుపోయారు. వెనక అద్దాలు పగులుతున్న చప్పుడు.

సలోమి తన కొంగుతో వెంకాయమ్మ మొహం తుడిచింది.

“ఏం కాలేదు తల్లీ. నీ బిడ్డ కూడా బాగానే ఉన్నాడు. అదుగో, చూడు.”

“మంట పెరగకముందే దాటించాలి. ఎక్కండి, ఎక్కండి!” బస్సు డ్రైవరు కేకలేశాడు.

సుధీర్ బాబు కళ్లు కారు మీదే ఉన్నాయి. తేరుకొని వెనక్కి తిరిగేసరికి సలోమి లేదు. బస్సు లేదు.

శివరామయ్య మోటారు సైకిలు మీద వచ్చాడు.

“ప్రాణాలు దక్కినయ్. అదే పదివేలు అబ్బాయ్.”

“బాబాయ్, మీ కూలీ మనిషి... మళ్లీ ఎప్పుడొస్తది?”

“నా కూలీ మనిషి కాదు. ఆమెకు నేను ఒక్కరోజు కూడా కూలి ఇయ్యలేదు. ఈ మినుముల్లో ఆమెది ఒక్క గింజ లేదు. రోడ్డు మీద కట్టె పరిచిన్రోజుల్లో తనే వచ్చి నిలబడేది. పరవొద్దని నన్నూ పోరేది. నువ్వన్న మాట పట్టుకొని పొమ్మన్నా. ఇంక రానని చెప్పి పోయింది.”

“ఏ ఊరు పోయింది?”

“చెప్పలేదు. నేనూ అడగలేదు.”

“మరి ఎవరి కోసం నిలబడేది బాబాయ్?”

శివరామయ్య తలెత్తలేదు.

“నాలుగేళ్ల కింద నా కట్టె తొక్కి, ఇట్టాగే కాలిపోయిన టాక్సీని తోలింది ఆమె కొడుకు.”