వంశధార గట్టున పచ్చపిట్ట

"తుమ్మకుండా ఉండలేవేటే? మళ్ళీ ఎగిరిపోనాది!" తోమాసు కెమెరా స్టాండు పట్టుకుని పెళ్ళాం మీద పళ్ళు నూరేడు.

"తుమ్ము నాకు సెప్పి వస్తాదేటండీ?" అంది దయావతి. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి, తిన్నగా గుణుపురం అవతల ఈ వంశధార గట్టుకొచ్చింది పాపం. కళ్ళు మూతలు పడిపోతన్నాయి.

గట్టు ఇసకలో బొరియలు చేసుకుని కాపురముంటాయి ఆ పచ్చపిట్టలు. గుప్పెడంత పిట్ట. తల రాగి రంగు, గొంతు నీలం. ఎగిరే తేనెటీగని గాల్లోనే టపీమని పట్టేస్తాది. దాని ఫొటో ఒక్కటి రేపటిలోగా కోరాపుట్ ఎగ్జిబిషన్‌కి అందాలి. బహుమతి వచ్చినా రాకపోయినా పరవాలేదు, 'పెళ్ళిళ్ళ తోమాసు' అన్న పేరు పోవాలి. ముప్ఫయ్యేళ్ళుగా పెళ్ళి ఫొటోలు తీస్తూ పందిళ్ళలో పడి నలిగిపోయేడు మనిషి. మొన్న పక్క స్టూడియో బాపి, "నీకు పిట్టలెందుకు బావా? అక్షింతలు పడుతున్నాయి, పోయి ఫొటో తీసుకో!" అని నలుగురిలో నవ్వేడు. అప్పట్నించీ తోమాసుకి కూడు సయించట్లేదు.

"నీ ఎర్రకోక సూసి బెదిరిపోతందది. ఎల్లి ఆ రెల్లు ఎనక కూకో."

దయావతి వెళ్ళి కూర్చుంది. ఆకలికి ఆగలేక టిఫిన్ డబ్బా తీసింది.

"మూత సప్పుడు!"

తినకుండానే సంచిలో పెట్టేసింది.

"ఊపిరైనా తీసుకోవచ్చా?" అంది నీరసంగా.

"మెల్లగా తీసుకో."

ఎండ నెత్తికెక్కింది. నడుం పట్టేసింది. ఇంక మన వల్ల కాదులే అని తోమాసు లేవబోతుంటే వచ్చింది పిట్ట! ఎదురుగా ఎండుకొమ్మ మీద వాలింది. ముక్కున తేనెటీగ ఇంకా గిలగిలా కొట్టుకుంటోంది. రెక్కల మీద వెలుతురు అడిగి పెట్టించుకున్నట్టు పడింది. రెల్లు వెనక దయావతి కొంగు నోట్లో కుక్కుకుని కదలకుండా ఉండిపోయింది. పిట్టా కదల్లేదు.

హమ్మయ్య, ఇన్నాళ్ళకి దొరికింది! తోమాసుకి కళ్ళమ్మట నీళ్ళొచ్చినంత పనయ్యింది. కెమెరాకి కన్ను ఆనించేడు. మీట మీద వేలు పెట్టేడు. ఎడం చెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది.

"రెడీ... అందరూ ఇటు సూడాలి... కొంచెం నవ్వాలీ!" అని గట్టుకి గట్టూ అదిరిపోయేలా అరిచేడు.